కొమ్ము తప్పిన బెల్టు

మా యజమాని రెడ్డెప్ప సార్ నడుముకున్న బెల్టు కొన, ఎవరి చేయీ తగలకుండానే, లూపులోంచి మెల్లగా జారి బయటికొచ్చి తోకలా నిలబడింది. నా మనసు మొదటిసారి కీడు శంకించింది ఆ క్షణంలోనే. అది మంగళవారం. పదకొండు గంటల టీ ఇంకా రాలేదు.

లూపు అంటే బకిల్ పక్కన, బెల్టు కొనను అణిచి పట్టుకునే చిన్న తోలు పట్టీ. దాని పని అదొక్కటే. సార్ కొనను మళ్లీ లోపలికి తోసి, కుట్టుమిషన్ దగ్గర నుంచి గేటు దాకా నడిచి వెనక్కి వచ్చారు. ఈసారి గేటు దాకా కూడా ఆగలేదు, నాలుగడుగులకే కొన బయటపడింది. కుట్టుపని చేసే కమలమ్మ నవ్వు ఆపుకోవడానికి మిషన్ కింద లేని దారపుండ కోసం వెతికింది. నేను ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఇంకో చేత్తో ఆ బెల్టును నిమిరాను. బకిల్ నుంచి కొన వైపు నిమిరితే పట్టులా ఉంది. కొన నుంచి బకిల్ వైపు నిమిరితే వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. జరగాల్సింది దీనికి సరిగ్గా తిరగబడి ఉండాలి.

అప్పటికి నేను పుంగనూరులోని ఆ బెల్టుల కార్ఖానాలో చేరి ఏడాది కావస్తోంది. మా చిన్నవాడు జోయల్‌కు మూడేళ్లు నిండాక, ఇక ఇంట్లో మా అత్తగారి దగ్గర ఉండగలడన్న ధైర్యంతో, మదనపల్లె నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. హోదా క్వాలిటీ సూపర్‌వైజర్. అంటే కట్టర్ కంటే పైన, యజమాని కంటే కింద. కట్టర్‌కు నేను మేడమ్‌ని, యజమానికి ‘ఆ బియస్సీ అమ్మాయి’ని. ఆ తర్వాత రెండేళ్లకు, ముప్పై మూడో ఏట, ఉద్యోగం మానేశాను. మా ఆయన దాన్ని నా రిటైర్మెంటు అంటారు. కనుక ఇవి రిటైరైన మనిషి జ్ఞాపకాలే.

మేము చేసేవి మామూలు తోలు బెల్టులు. వెంట్రుకలతో ఉన్న తోలుతో బెల్టులు కావాలని బెంగళూరు ఆసామి ఒకాయన అడగడం అదే మొదలు. నలభై బెల్టులు, నాలుగు సైజులు, సైజుకు పది. నమూనా చూడటానికి గురువారం వస్తానన్నాడు. తోళ్లు తమిళనాడు వైపు నుంచి కుప్పం మీదుగా వచ్చాయి. మామూలుగా తోలు పదును చేసేటప్పుడు సున్నంలో వేస్తే వెంట్రుకలు ఊడిపోతాయి. వీటికి సున్నం తగిలించరు, వెంట్రుక నిలబడుతుంది. గోధుమరంగు మీద తెల్ల మచ్చలు. చూడటానికి అందంగా ఉంటాయి. పేరుతోనే చిక్కు. కార్ఖానాలో అందరూ నోరారా ‘బొచ్చు బెల్టు’ అనేవాళ్లు. నేను రిజిస్టర్‌లో ‘రోమచర్మపు బెల్టు’ అని రాశాను. అదేదో గుడి ప్రసాదంలాగుందని కమలమ్మ అంది. ఇంట్లో మా అత్తగారు ఈమధ్య ఏం చేస్తున్నావని అడిగితే ‘కొత్తరకం’ అని చెప్పి ఊరుకున్నాను.

ఈ తోలును కోయడం వేరే విద్య. కత్తెర పెట్టకూడదు, పెడితే అంచు వెంట వెంట్రుకలు గుండు గీసినట్టు తెగుతాయి. తోలును బోర్లా వేసి, అంటే వెంట్రుకల వైపు కిందికి, మాంసం వైపు పైకి పెట్టి, రంపె అనే వంపు కత్తితో చర్మం మందం వరకే గీయాలి. తర్వాత రెండు ముక్కలనూ చేత్తో విడదీస్తే, పాపిట తీసినట్టు వెంట్రుకలు వాటంతటవే విడిపోతాయి. బెల్టుకు వెన్ను భాగమే వాడాలి, పొట్ట తోలు సాగుతుంది. బకిల్ కోసం మడిచే చోట వెంట్రుకలు గొరిగి పలచన చేయాలి. వెనక మామూలు తోలు అంటించి కుట్టాలి. కుట్టు కింద చిక్కిన వెంట్రుకలను సూది మొనతో ఒక్కొక్కటే బయటికి లాగాలి. కమలమ్మ ఆ పనిని పేలు చూడటం అనేది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది దిక్కు. పశువు ఒంటి మీద వెంట్రుక తల నుంచి తోక వైపు వాలి ఉంటుంది. బెల్టు కొన ముందుగా లూపులోకి దూరుతుంది గనుక, కొన తల వైపు ఉండాలి, బకిల్ తోక వైపు. అప్పుడు వెంట్రుకలు వెనక్కి వాలి సాఫీగా దూరుతుంది, దూరాక కదలదు. తిరగబడితే కొర్రకంకి కథే. చిన్నప్పుడు కొర్రకంకిని చొక్కా చేతిలో పెట్టుకుని చేయి ఊపితే అది దానంతట అది భుజం దాకా పాకేది, అందరం ఆడే ఉంటాం. మనిషి నడిచే కొద్దీ లూపు కూడా బెల్టు మీద అలాగే పాకి, కొన చివరికి వచ్చి జారిపోతుంది.

ఇదంతా నాకు నేర్పింది మా కట్టర్ మునిరత్నప్ప. కుప్పం మనిషి, అరవైకి దగ్గర పడ్డవాడు. సోమవారం వచ్చి శనివారం వెళ్లేవాడు. మాటలో తెలుగు, కన్నడం, అరవం మూడూ ఒకే చట్టిలో ఉడికి ఉండేవి. దిక్కు సంగతి అడిగితే ఒక్క మాటలో తేల్చేశాడు.

“ఆవు కొట్టంలోకి తలతో దూరతాదా, తోకతో దూరతాదా? బెల్టూ అంతేమ్మా.”

వెంట్రుకల తోలును బోర్లా వేస్తే దిక్కు కనపడదు గనుక, వెనక పనిచేసిన చోట అబ్బిన అలవాటుతో, ఏ తోలునైనా ముందే నిమిరి చూసి, తల వైపు సుద్దతో రెండు చిన్న కొమ్ములు గీసుకునేవాడు. అచ్చంగా ఆవు కొమ్ములే. నాకది చిన్నపిల్లల ఆటలా అనిపించింది. చేరిన మూడో నెలలోనే ‘గుర్తులు రాతపూర్వకంగా ఉండవలెను’ అని కాగితం టైపు చేయించి గోడకు అంటించాను. కొమ్ములు రద్దు. నిమిరి చూడటం, గుర్తు వేయడం ఇకనుంచి సూపర్‌వైజర్ పని. తోలులో మచ్చాగాటూ లేని మంచి భాగం అంచున నేను ‘మేలు’ అని రాస్తాను, గాట్లున్న చోట ‘రెండు’ అని. కట్టర్ చదివి కోస్తే చాలు. మామూలు తోలుకు దిక్కుతో పనిలేదు గనుక తొమ్మిది నెలలు ఏ గొడవా రాలేదు. మునిరత్నప్ప ఆ కాగితాన్ని చూసి, “నాకేమి కొమ్ములుండాయా తల్లీ, నువ్వు ఎట్లంటే అట్ల,” అన్నాడు. అందులోని చురక నాకు అప్పుడు తగల్లేదు.

ఇప్పుడు మంగళవారానికి వద్దాం. ఆ నలభై బెల్టులకూ పట్టీలు సోమవారమే కోసేశాడు. కుట్టి పూర్తయింది మాత్రం వాటికి అదనంగా కోసిన ఒక్కటే, సార్ నడుముకున్న నమూనా. సార్ దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి, పట్టీల కట్ట తెప్పించి ఒక్కొక్కటే నిమిరారు. అన్నీ తిరగబడే ఉన్నాయి.

“ఏమప్పా మునిరత్నం, ఇవి బెల్టులా, తోకలా? తోక ముందరికి పెట్టుకోని తిరిగే మనిషిని యాడన్నా సూసిండావా?”

మునిరత్నప్ప రంపె కింద పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

“బెంగళూరాయప్ప ఎల్లుండి వస్తాండాడు. ఆయప్ప ముందర నేను ఇట్ల ఊపుకుంటా నడవాల్నా? శనివారం కుప్పం పోతావే, సోమారం ఇంక రావొద్దులే. ఇంట్లో కూసోని మనవరాలికి జడలెయ్యి. బొచ్చు ఎటు వాల్తాదో అప్పుడన్నా తెలిసొస్తాది.”

సార్ తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. నేను కోతబల్ల కిందున్న ముక్కల గోతాం దగ్గరికి వెళ్లాను. పట్టీలు కోయగా మిగిలిన అంచులు అందులో ఉంటాయి, నా సుద్ద రాతలు వాటి మీదే ఉంటాయి. ఒక ముక్క తీసి మునిరత్నప్పకు చూపించి, కొన ఇటు ఎందుకు పెట్టావని అడిగాను.

“నువ్వే కదమ్మా రాసిండావు, మేలె అని.”

కుప్పం వైపు ‘మేలె’ అంటే పైన. అతను బల్ల మీద అచ్చు పెట్టేటప్పుడు కొన ఎప్పుడూ పై వైపుకే ఉంటుంది. నేను రాసింది ‘మేలు’. రాసింది తోక వైపు, ఎందుకంటే ఒత్తయిన మేలురకం తోలు అక్కడే ఉంటుంది. మామూలుగా తోలుకు మెడా కాళ్లూ ఆకారం ఉంటుంది గనుక ఎటు తల ఎటు తోక అన్నది కట్టర్‌కు తెలిసిపోతుంది. ఈసారి వచ్చినవి పలకల్లా చదరంగా కోసిన వెన్ను ముక్కలు. అతనికి నా మాటే దిక్కు.

నా రాతను మళ్లీ చూసుకున్నాను. లకు కొమ్మిస్తే లు, ఎత్వమిస్తే లె. సోమవారం ఉదయం జోయల్‌కు ఒళ్లు వెచ్చగా ఉండింది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, థర్మామీటర్ చంకలో ఎంతసేపు పెట్టాలో మా అత్తగారికి చెబుతూ, ఒంటి చేత్తో తోళ్లన్నీ వరసగా రాసేశాను. మెడ వాలి ఉంటే రాతా వాలుతుంది. కుడి పక్కన ఉండాల్సిన కొమ్ము పైకి పాకి లకారం నెత్తిన కూర్చుంది. అంతకంటే ఘోరం, తిరగేసి నిమిరి చూడటం అన్నది నేను చేయనే లేదు.

“అన్నా, నీకు అనుమానం రాలేదా?”

“వచ్చినాది. కోసినాక తిప్పి సూస్తే తోక ముందరుండాది. బెంగళూరోళ్లకి అది ఫ్యాషనేమో అనుకుంటిని. సదువుకున్నోళ్లు రాసిండేది, నేను దిద్దేదా?”

“మరి సార్‌తో ఎందుకు చెప్పలేదు?”

“అడిగింటే సెప్పుందును. ఆయన అడగలే, అరిసినాడు.”

టీ గ్లాసులు కడిగే తొట్టి దగ్గరికి ఆ గోతాం ఎలా వచ్చిందో ఇప్పుడు రాయడానికి సిగ్గుగానే ఉంది. సుద్ద తడిగుడ్డకు సులువుగా పోతుంది. ఒక ముక్క తుడిచాను. రెండోది తుడిచాను. పోతే నా ఉద్యోగం పోవాలి, లేదా అతనిది. మా ఇంటికి రెండు జీతాలు, అతనికి ఒకటే అని ఒక వైపు, జోయల్ మందులు, మా పాప గ్రేస్ బడి అని ఇంకో వైపు మనసు లాగుతూనే ఉంది, చేయి మాత్రం తుడుస్తూనే ఉంది. మూడో ముక్క మీద గుడ్డ పెట్టానో లేదో వెనక నుంచి కమలమ్మ గొంతు.

“ఏమి కడుగుతాండావమ్మా అంత శ్రద్ధగా? ముక్కలకి తలంటు పోస్తే బెల్టులైతాయా?”

ఆమెకు విషయం తెలియదు. అయినా చెవులు కాలాయి. గోతాంలో ఇంకెన్ని ముక్కలున్నాయో చూశాను. కడిగితే సాయంత్రం బస్సు దాటిపోయేటన్ని ఉన్నాయి. మూడో ముక్కను అలాగే పట్టుకుని సార్ గదికి వెళ్లాను. తప్పు నాదని, దిక్కు చూడలేదని, రాతా సరిగా లేదని చెప్పి ముక్క బల్ల మీద పెట్టాను. సార్ కళ్లద్దాలు పెట్టుకుని చూశారు.

“మేలు. సక్కంగా రాసిండావు కదమ్మా. ముసిలోణ్ణి వెనకేసుకోని వస్తాండావా?”

ఇది నేను ఊహించని చిక్కు. నేరం ఒప్పుకుంటే నమ్మరేం. సార్ పుంగనూరు మనిషి. ఆయన కంటికి ఆ మాట ‘మేలు’ తప్ప ఇంకోలా కనపడదు. కమలమ్మను పిలిపించారు. ఆమె ముక్కను మూరెడు దూరం పట్టుకుని, “మేలు,” అంది. ఆమెది చౌడేపల్లె. మునిరత్నప్ప వచ్చి చూసి, “మేలె,” అన్నాడు. సార్, నీది ఎట్లయినా అంతేలే అన్నట్టు చేయి ఊపారు.

అప్పుడు టీ వచ్చింది. ఆ రోజు అరగంట ఆలస్యంగా వచ్చిన ఆ టీకి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను. టీ తెచ్చే నంజుండప్పది రామకుప్పం. మా గొడవ ఏమీ తెలియదు. నేను ముక్క అతని చేతిలో పెట్టి ఏముందో చదవమన్నాను. అతను ఫ్లాస్కు కింద పెట్టి, వెలుతురుకు తిప్పి చూశాడు.

“మేలె అని ఉండాది. పైన పెట్టమని. యాల, యాడన్నా పైన పెట్టల్నా దీన్ని?”

సార్ కళ్లద్దాలు తీసి, టీ గ్లాసు అందుకుని, మునిరత్నప్ప వైపు చూడకుండానే అన్నారు.

“సోమారం వచ్చేటప్పుడు పనసపండు తీసుకోని రాప్పా. మీ పక్క బాగుంటాదంట.”

క్షమాపణ అంటే ఆయన దగ్గర అదే. మునిరత్నప్ప, చూస్తానన్నట్టు తల ఊపాడు. నా వైపు తిరిగి మాత్రం సార్, “బియస్సీలో ఏ సబ్జెక్టు?” అని అడిగారు. జువాలజీ అని చెప్పాల్సి వచ్చింది.

పట్టీలను కాపాడే దారి చూపింది కూడా మునిరత్నప్పే. వాటికింకా చిల్లులు కొట్టలేదు, వెనక తోలు అంటించలేదు. కాబట్టి కొనగా కోసిన మొనను రెండంగుళాలు తెగ్గొట్టి దాన్నే బకిల్ వైపు చేయాలి, బకిల్ వైపు అంచును కొనగా చెక్కాలి. “తోకను తల సేద్దాము, తలను తోక సేద్దాము,” అన్నాడు. పట్టీ రెండంగుళాలు తగ్గితే ఒక సైజు తగ్గుతుంది. నలభై సైజు ముప్పైఎనిమిది అవుతుంది, ముప్పైఎనిమిది ముప్పైఆరు, అలా వరసగా అన్నీ ఒక్కో మెట్టు కిందికి దిగుతాయి. కొత్తగా కోయాల్సింది పెద్ద సైజువి పది మాత్రమే. వాటికి తోలు ఉంది. అడుగున పది ముప్పైరెండు సైజువి మిగిలిపోతాయి, ఎవరూ అడగనివి.

గురువారం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. బెంగళూరు ఆసామి కొత్త నమూనా కట్టుకుని గేటు దాకా నాలుగుసార్లు నడిచాడు. అతను తిరిగి వచ్చిన ప్రతిసారీ మా ఐదుగురి చూపూ అతని లూపు మీదే ఉంది. కొన కదల్లేదు. తర్వాత ఆ చిన్న సైజు పట్టీలు చూసి, కాలేజీ పిల్లలకు బాగుంటాయే, వీటిని ఎందుకు చూపించలేదని అడిగాడు. రెడ్డెప్ప సార్ గంభీరంగా, “అదే సర్‌ప్రైజ్,” అన్నారు.

గోడ మీది నా కాగితాన్ని మంగళవారం సాయంత్రమే తీసేశాను. బదులు ఇంకొకటి అంటించాను. ‘వెంట్రుకలున్న తోలును కోతకు ముందు కట్టర్ స్వయంగా నిమిరి చూసి తల వైపు రెండు కొమ్ములు గీయవలెను. కొమ్ములు లేని తోలును కోయరాదు.’ కింద నా సంతకం. గుర్తు అనేది గీసేవాళ్ల కోసం కాదు, కోసేవాళ్ల కోసం. కోసే మనిషి చదివేదే దాని అర్థం. సూపర్‌వైజర్‌గా నేను నేర్చుకున్నది ఇదొక్కటే. తర్వాతి రెండేళ్లూ దాంతోనే గడిచిపోయింది.

మంగళవారం బస్సెక్కే ముందు సార్ నన్ను పిలిచి ఆ మొదటి నమూనాను, తోక ముందుకున్నదాన్ని, కాగితంలో చుట్టి ఇచ్చారు. “ఇది నీకు మెమో అనుకో,” అన్నారు.

మర్నాడు పొద్దున అది మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. మా అత్తగారు దాన్ని చూసి, ఎవరి పిల్లి అని అడిగారు. జ్వరం తగ్గిన జోయల్ దాన్ని కిందికి లాగి ఒళ్లో పెట్టుకున్నాడు. పైనుంచి కిందికి ఒకసారి నిమిరాడు, కింది నుంచి పైకి ఒకసారి.

“మా, ఇట్లయితే మెత్తగుండాది. ఇట్లయితే కోపం చేసుకుంటాది,” అన్నాడు.

సూపర్‌వైజర్ చేయని పనిని వాడు దోసె చల్లారేలోగా చేసేశాడు. ఒకటో తరగతి చదివే గ్రేస్, పలక మీద గుణింతం రాస్తున్నదల్లా తల ఎత్తి, ఇది ఎందుకు తెచ్చావని అడిగింది. దాచడానికి ఏముంది, చెప్పాను. నిన్న అమ్మ ఒక మాట తప్పు రాసింది. ఆ మాట చదివి మునిరత్నం తాత తప్పు కోశాడు. సార్ తాతను తిట్టాడు. అమ్మ వెళ్లి తప్పు నాదని చెప్పింది.

గ్రేస్ కళ్లు పెద్దవి చేసుకుని బెల్టు వైపు చూసింది.

“నువ్వు చెప్పినాక మీ సార్ బెల్టు తీసినాడా?”

“లేదు,” అన్నాను. “అదే బయటికొచ్చింది. నువ్వు లకు కొమ్ము పక్కన పెట్టు, నెత్తిన కాదు.”